అర కుక్కర్ ఒత్తిడి, ఆరు క్రేట్ల బరువు: కారుకు టర్బో కట్టే లెక్క

చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కుతున్న లోడు బండి పక్కన ఒకసారి అద్దం దించి వినండి. ఇంజిన్ హోరు కింద సన్నటి ఈల ఒకటి వినిపిస్తుంది. అది టర్బో. పుంగనూరు, మదనపల్లె దారుల్లో టమాటా మోసే పికప్పుల నుంచి పెద్ద లారీల దాకా డీజిల్ ఇంజిన్లకు అది కంపెనీలోనే బిగించి వస్తుంది. కారు మీద మోజున్న కుర్రాళ్లు అడిగేది వేరే. టర్బో లేని మామూలు పెట్రోల్ కారుకు మన ఊరి లేత్ షాపులో మానిఫోల్డ్ చేయించి, టర్బో కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. లేత్ పనివాళ్లు, ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. అయితే ఈ పనిలో వెల్డింగ్ సగమైతే కొలత సగం. ఆ కొలతలు ఎందుకో తెలియకుండా మొదలుపెట్టిన ఇంజిన్లు పిస్టన్ పగిలి మూలపడతాయి. కాబట్టి ముందు లెక్క చూద్దాం. రోడ్డు మీద దీన్ని నడపవచ్చా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. దానికీ జవాబు చెబుతాను.

మొదట ఇంజిన్ ఎంత గాలి తాగుతుందో తెలియాలి. 1,197 సీసీ ఇంజిన్ అంటే నాలుగు సిలిండర్లూ కలిపి ఒక విడతలో దాదాపు 1.2 లీటర్ల గాలి పీల్చే ఇంజిన్. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి ఈ విడత పూర్తి చేస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే 3,000 విడతలు. సిలిండర్ ఎప్పుడూ పూర్తిగా నిండదు, పదో వంతు తగ్గుతుందనుకున్నా నిమిషానికి సుమారు 3,200 లీటర్లు. మన మిద్దె మీది వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు మూడింటిని నిమిషంలో ఖాళీ చేసినట్టు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్లు పీలుస్తాడు. అంటే ఆ చిన్న ఇంజిన్ నాలుగు వందల మందికి సరిపడే ఊపిరి తీస్తోందన్నమాట.

ఇంత గాలి దేనికి? కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోల్ ముప్పావు కిలో తూగుతుంది కనుక లీటరుకు 11 కిలోల గాలి. మన ఎత్తున, మన వేడిలో ఆ గాలి సుమారు 10,000 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. లీటరు సీసా పెట్రోల్‌కు పది ట్యాంకుల గాలి. ఇంజిన్‌కు ఎక్కువ పెట్రోల్ పోయడం కష్టమేమీ కాదు, దానికి తగ్గ గాలి నింపడమే కష్టం. టర్బో చేసేది ఆ ఒక్క పనే. సైలెన్సర్ దారిన వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రంతో గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన లెక్క ఒకటుంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా ఇదే పీఠభూమి మీదివే. ఆ ఎత్తున గాలి ఒత్తిడి చెన్నైలో కంటే 8 శాతం తక్కువ. హార్స్‌లీ హిల్స్ కొనకు, అంటే 1,265 మీటర్లకు, చేరేసరికి ఆ లోటు 14 శాతం. చెన్నైలో 83 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ మదనపల్లెలో 76 దగ్గర ఆగిపోతుంది. కొండమీద ఇంకా తగ్గుతుంది. కొండెక్కేటప్పుడు బండి నీరసించిందని మీకు అనిపిస్తే అది భ్రమ కాదు. వాలు ఒక కారణమైతే, పల్చబడిన గాలి రెండో కారణం.

టర్బో పేరు తెచ్చుకున్నదే ఈ ఎత్తు సమస్య మీద. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీరు లిబర్టీ అనే విమాన ఇంజిన్‌ను పైక్స్ పీక్ శిఖరం మీదికి, సుమారు 4,300 మీటర్ల ఎత్తుకు, మోయించుకుపోయాడు. సముద్రమట్టంలో 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ అక్కడ 230 మాత్రమే ఇచ్చింది. టర్బో బిగించాక అదే కొండమీద 356 ఇచ్చింది. ఎత్తు వల్ల పోగొట్టుకున్నదంతా తిరిగి వచ్చింది. టర్బో గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే నేను ఈ మూడు అంకెలే చెబుతాను.

ఎంత ఒత్తిడి పెట్టాలి? కంపెనీ పిస్టన్లు, కంపెనీ రాడ్లతోనే నడిపే ఇంజిన్‌కు మొదటి మెట్టు 7 పీఎస్‌ఐ, అంటే దాదాపు అర బార్. కారు టైరులో కొట్టించే గాలి 30 నుంచి 33 పీఎస్‌ఐ. విజిల్ వేసేటప్పుడు వంటింటి కుక్కర్లో ఉండేది 15 పీఎస్‌ఐ దరిదాపు. అంటే మనం అడుగుతున్నది అర కుక్కర్ ఒత్తిడి. చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ మదనపల్లెలో బయటి గాలి ఒత్తిడే 0.93 బార్. దానికి అర బార్ చేరితే 1.43 అవుతుంది. ఒకటిన్నర రెట్లు దాటిందన్నమాట.

గేజు గురించి ఒక మాట. గేజు చూపేది బయటి గాలికి పైన ఉన్న ఒత్తిడిని మాత్రమే. చెన్నైలో గేజు 7 చూపితే లోపల మొత్తం 1.5 బార్ ఉంటుంది, ఇక్కడ అదే 7కి 1.43. కింద సెట్ చేసిన ట్యూనింగ్‌ను ఇక్కడికి తెచ్చి అదే బలం రాలేదని మెకానిక్కును తప్పు పట్టకూడదు. ఆ బలం కోసం ఇక్కడ గేజు 8 దాటేలా పెంచితే టర్బో అక్కడికంటే వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది.

వేడి ఎందుకు? సైకిల్ పంపు నాలుగు సార్లు కొట్టి కింది గొట్టం ముట్టుకోండి, తెలుస్తుంది. 35 డిగ్రీల గాలిని ఈ మాత్రం నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ నుంచి అది 90 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. అన్నం ఎసరుకు కాస్త తక్కువ. వేడి గాలి వ్యాకోచించి పల్చబడుతుంది కనుక 54 శాతం పెరగాల్సిన గాలి బరువు 30 శాతమే పెరుగుతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్, అంటే గాలిని చల్లార్చే రేడియేటర్, పెట్టి 50 డిగ్రీలకు దించితే పెరుగుదల 47 శాతం దాకా వస్తుంది. మన 76 హార్స్‌పవర్ మొదటి దారిలో 99, రెండో దారిలో 112. ఇది కాగితం మీది లెక్క. ఇంజిన్ క్షేమం కోసం స్పార్కు వెనక్కి జరపాలి కనుక చేతికొచ్చేది కొంత తక్కువే. ఇంటర్‌కూలర్ వద్దు, ఖర్చు దండగ అనేవాళ్ల మాట వినకండి. పైన వచ్చే పన్నెండు పదమూడు హార్స్‌పవర్ సంగతి అటుంచి, చల్లటి గాలే పిస్టన్లకు రక్ష.

ఇక మానిఫోల్డ్. ఇంజిన్‌కు ఇవి రెండుంటాయి. గాలిని సిలిండర్లకు పంచేది ఇన్‌టేక్ మానిఫోల్డ్, పొగను పోగుచేసి బయటికి పంపేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. టర్బో కట్టాలంటే రెండోది తప్పకుండా మార్చాలి. ఇన్‌టేక్ మార్చడం తప్పనిసరి కాదు. కంపెనీ ప్లాస్టిక్ మానిఫోల్డ్ 7 పీఎస్‌ఐ తట్టుకోవచ్చు, తట్టుకోకపోనూ వచ్చు. అది లోపలి నుంచి నెట్టే ఒత్తిడి కోసం చేసింది కాదు. అందుకే అల్యూమినియంతో కొత్తది చేయిస్తారు.

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను అర్థం చేసుకోవడానికి మన ఇంటి సంపు చాలు. మున్సిపల్ నీళ్లు సన్నగా, నెమ్మదిగా వస్తాయి. మోటారు మాత్రం ఒక్కసారిగా లాగుతుంది. మధ్యలో సంపు ఉంటేనే రెండింటికీ కుదురుతుంది. మానిఫోల్డ్‌లో ఆ సంపు పేరు ప్లీనం, అంటే గాలి నిలిచే పెట్టె. దాన్నుంచి ఒక్కో సిలిండర్‌కు పోయే గొట్టం రన్నర్. ప్లీనం ఇంజిన్ సీసీకి సమానంగానో, ఒకటిన్నర రెట్లుగానో పెట్టడం వాడుక. మన 1.2 లీటర్ల ఇంజిన్‌కు ఒకటిన్నర లీటర్ల పెట్టె అనుకోండి, పెద్ద నీళ్ల సీసా అంత.

ఈ సంపు విలువ బాగా తెలిసినవాళ్లు ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు. 2011లో మొదలైన సుప్రా ఎస్‌ఏఈ ఇండియా పోటీలో విద్యార్థులే చిన్న రేసు కారు తయారుచేసి తేవాలి. ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల నిబంధన ప్రకారం పెట్రోల్ ఇంజిన్ గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. రూపాయి బిళ్లంత దారి. అందులోంచి ఎంత లాగినా సెకనుకు 74 గ్రాముల గాలి మించి రాదు, ఒకటిన్నర కోడిగుడ్ల బరువు. అక్కడ గాలి శబ్దవేగాన్ని అందుకుంటుంది, ఆ తర్వాత ఎంత పీల్చినా ఫలితం ఉండదు. మదనపల్లె ఎత్తున అది 68 గ్రాములకు పడిపోతుంది. కంపెనీ మానిఫోల్డ్ ఆ రంధ్రానికి కుదరదు కనుక జట్టుకొక ప్లీనం సొంతంగా గీసుకుని, లెక్కేసుకుని, వెల్డింగ్ చేయించుకోవాల్సిందే. సొంత మానిఫోల్డ్ తయారీ నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఇంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం.

రన్నర్ పొడవు ఎంతుండాలి? బోరు మోటారు నడుస్తుండగా గేట్‌వాల్వు ఒక్కసారిగా కట్టేస్తే పైపులో దడేల్‌మని దెబ్బ వినిపిస్తుంది కదా. ఇన్‌టేక్ వాల్వు మూసుకున్నప్పుడు రన్నర్‌లో గాలికీ అలాంటి దెబ్బే తగులుతుంది. ఆ అల ప్లీనం దాకా పోయి తిరిగొస్తుంది. 40 సెంటీమీటర్ల రన్నర్‌లో పోయిరావడానికి దానికి పట్టేది సెకనులో 450వ వంతు. వాల్వు మళ్లీ తెరుచుకునే వేళకు ఆ అల వచ్చి తగిలితే కొంచెం గాలి ఉచితంగా లోపలికి పోతుంది. పొడవు రన్నర్ తక్కువ వేగంలో, పొట్టి రన్నర్ ఎక్కువ వేగంలో ఈ లాభం ఇస్తుంది. టర్బో ఉన్నప్పుడు ఈ లాభం కోసం ప్రాణం పెట్టనక్కరలేదు. నాలుగు రన్నర్లూ ఒకే పొడవు, ఒకే లోపలి కొలతతో ఉంటే చాలు. ఒక సిలిండర్‌కు గాలి ఎక్కువై పెట్రోల్ చాలకపోతే ముందు పోయేది ఆ సిలిండరే.

పెట్టె గోడ మందం దగ్గర చాలామంది పొరబడతారు. అర బార్ అంటే చదరపు సెంటీమీటరుకు అర కిలో. ప్లీనం పైమూత 30 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే 300 చదరపు సెంటీమీటర్లు. దాని మీద లోపలి నుంచి పడే నెట్టుడు 150 కిలోలు. పాతిక కిలోల టమాటా క్రేట్లు ఆరు ఆ రేకు మీద పేర్చినట్టు. అదీ ఒకసారి కాదు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా. పల్చటి చదునైన రేకు ఉబ్బి, కుట్టు దగ్గర చీలుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల రేకు, వీలైతే గుండ్రటి గొట్టం ఆకారం మేలు.

ఆర్గాన్ వెల్డింగ్ అంటే, కాలుతున్న చోటికి గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు కప్పుతూ చేసే అతుకు. అల్యూమినియానికి అదే కావాలి. వెల్డింగ్ బాగున్నా మూడు చోట్ల దెబ్బతింటుంది. అతుకు పెట్టేచోట ఆయిల్ మరక ఉన్నా, లోపలి అంచులో ముద్దలు మిగిలినా, ఫ్లాంజి వంగినా. ఫ్లాంజి అంటే ఇంజిన్ హెడ్డుకు బోల్టులతో బిగించే మందపాటి పట్టీ. 10 నుంచి 12 మిల్లీమీటర్ల పట్టీ కూడా వేడికి విల్లులా వంగుతుంది.

నేను ఒకసారి దగ్గరుండి చూశాను. మేస్త్రి వెల్డింగ్ ముగించి, మానిఫోల్డ్ చల్లారాక ఫ్లాంజి మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా ఎత్తి పట్టాడు. రెండు చివర్లా స్కేలు ఆనింది. నడిమధ్యలో మాత్రం సన్నటి తెల్లని గీత. ఆ సందులో ఫీలర్ గేజి రేకులు ఒక్కొక్కటే దూర్చాడు. అర మిల్లీమీటరు రేకు పోయింది. ఐదు ఏ4 కాగితాలు దొంతిగా పెట్టినంత మందం. ‘ప్యాకింగ్ వేసి బిగిస్తే సరిపోతుందిలే అన్నా’ అన్నాడు పక్కన కుర్రాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. మిల్లింగ్ మిషన్ మీద ఫేస్ పట్టించి, 0.1 మిల్లీమీటరు రేకు కూడా దూరని దాకా తెచ్చి అప్పుడు అప్పగించాడు. వంగిన ఫ్లాంజిని బిగిస్తే చెవులు విరుగుతాయి, లేదా అక్కడ గాలి కారి లెక్కంతా తప్పుతుంది. అలా కాకుండా, పాత హెడ్డు ఒకటి సంపాదించి దానికి ఫ్లాంజిని బిగించి, ముందు చిన్న చిన్న టాకాలు వేసి, ఒక చివర కాసేపు, రెండో చివర కాసేపు వెల్డింగ్ చేస్తే వంకర చాలా తగ్గుతుంది.

చదును చూడటానికి పెద్ద కొలతశాలల్లో వాడే సర్ఫేస్ ప్లేటును ఎక్కువగా నల్ల గ్రానైట్‌తో చేస్తారు. ఆ రాయి తుప్పు పట్టదు, వేడికి పెద్దగా మారదు. గ్రానైట్‌కు పేరున్న కుప్పంలో పాలిష్ పట్టిన పలక దొరకడం కష్టం కాదు. అది కొలత పరికరం కాదు గానీ, పెద్ద వంకరలు తొలిచూపులో పట్టుకోవడానికి పనికొస్తుంది.

లీకు పరీక్షకు పంక్చర్ షాపు పద్ధతే మేలు. రన్నర్ నోళ్లన్నీ పట్టీలతో మూసి, ఒక మూతకు ట్యూబ్ వాల్వు పెట్టి 10 పీఎస్‌ఐ గాలి నింపాలి. సబ్బునీళ్లు కుంచెతో అతుకుల వెంబడి పూయాలి. బుడగ లేచిన చోట సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ వెల్డింగ్. మూతలు గట్టిగా బిగించాలి, పరీక్ష చేసేటప్పుడు వాటికి ఎదురుగా నిలబడకూడదు.

ఎగ్జాస్ట్ వైపు సంగతి వేరు. పెట్రోల్ ఇంజిన్ పొగ 800 నుంచి 950 డిగ్రీల వేడితో టర్బోలోకి వస్తుంది. చీకట్లో చూస్తే మానిఫోల్డ్ ఎర్రగా కణకణలాడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ గొట్టం 30 సెంటీమీటర్ల పొడవుంటే, 700 డిగ్రీలు వేడెక్కేసరికి మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు రూపాయి బిళ్లల మందానికి పైనే. చల్లారితే ముడుచుకుంటుంది. రోజూ ఈ సాగుడూ ముడుచుకోవడమే అతుకుల్ని పగలగొడుతుంది. అందుకే చూడ్డానికి మెరవకపోయినా, ఆవిరి పైపులకు వాడే మందపాటి షెడ్యూల్ 40 ఇనుప బెండులతో చేసిన పొట్టి మానిఫోల్డ్ మొదటి పనికి నమ్మకమైనది. టర్బో బరువు గొట్టాల మీద వేలాడకుండా ఇంజిన్ బ్లాకుకు ఒక ఊతం ఇవ్వడం మరవకండి.

టర్బో వేగం వింటే మొదట ఎవరూ నమ్మరు. చిన్న టర్బో నిమిషానికి 1,80,000 చుట్ల దాకా తిరుగుతుంది. మన సీలింగ్ ఫ్యాన్ ఫుల్లులో సుమారు 360. అంటే ఐదు వందల రెట్లు. ఆ ఇరుసును మోసేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. ఆయిల్ ఒత్తిడితో లోపలికి పోతుంది, బయటికి మాత్రం తన బరువుతో జారి రావాలి. కాబట్టి తిరుగు పైపు లావుగా, వంపులు లేకుండా కిందికే దిగుతూ, ఆయిల్ సంపులో నిలిచే మట్టానికి పైన కలవాలి. ఇది తప్పితే ఆయిల్ టర్బోలో నిలిచి సీళ్ల గుండా కారి, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. చాలామంది టర్బో చెడిపోయిందనుకుని కొత్తది కొంటారు. మార్చాల్సింది పైపు వాలును. ఘాట్ ఎక్కి ఆగిన లారీ డ్రైవరు ఇంజిన్ వెంటనే ఆపకుండా ఒక నిమిషం వదిలేసేదీ ఈ ఆయిల్ కోసమే. కాలుతున్న టర్బోలో ఆగిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

ఒత్తిడి 7 దగ్గరే ఎలా ఆగుతుంది? కుక్కర్‌కు వెయిట్ ఉన్నట్టు టర్బోకు వేస్ట్‌గేట్ ఉంటుంది. అనుకున్న ఒత్తిడి రాగానే ఆ తలుపు తెరుచుకుని, మిగులు పొగను చక్రానికి తగలకుండా పక్కదారిన పంపుతుంది. దానికి పోయే సన్న రబ్బరు గొట్టం ఊడితే కుక్కర్ వెయిట్ ఇరుక్కున్నట్టే, ఒత్తిడి అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. క్లిప్పు చిన్నదే అయినా మంచిది వేయించండి.

అసలు ప్రమాదం నాకింగ్. స్పార్కు అంటించిన మంట సిలిండరంతా పాకేలోపే, మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే పేలడాన్ని అలా అంటారు. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. ఈ రోజుల్లో చాలా ఇంజిన్లు గాలిని పదకొండు రెట్లు నొక్కేలా వస్తున్నాయి. దానికి టర్బో ఒత్తిడి తోడైతే అది నాకింగ్ అంచుకు చేరుతుంది. తప్పించుకోవడానికి మూడు దారులు: చల్లటి గాలి, స్పార్కు కొంచెం ఆలస్యం, కొంచెం ఎక్కువ పెట్రోల్. ఒత్తిడి ఉన్నప్పుడు కిలో పెట్రోల్‌కు 14.7 బదులు 12 కిలోల గాలి దగ్గర పెట్టేది అందుకే. ఆ అదనపు పెట్రోల్ ఆవిరై లోపలి వేడిని లాగేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20లో ఇథనాల్ 20 శాతం ఉండటం వల్ల మామూలు లెక్కే 14.7 నుంచి 13.5 దగ్గరికి దిగింది. అంటే ఇంజెక్టర్లు ముందుకంటే ఎక్కువ పోయాలి. పాత ఇంజెక్టర్లు చాలుతాయా అన్నది ముందే లెక్కేసుకోవాలి.

కంపెనీ కంప్యూటర్, అంటే ఈసీయూ, ఇదంతా చూసుకోదా? టర్బో లేని కారులో గాలి ఒత్తిడి చూసే సెన్సర్ బయటి గాలికి కాస్త పైదాకానే చదవగలదు. 1.43 బార్ వచ్చినా దానికి 1.1 లాగే కనిపిస్తుంది, ఆ మేరకే పెట్రోల్ పోస్తుంది. అందుకే పెద్ద సెన్సర్, మార్చుకోగల ఈసీయూ, పొగలో ఆక్సిజన్ చూసే వైడ్‌బ్యాండ్ గేజు కావాలి. ఎంతవుతుందని అడిగేవాళ్లు టర్బో ధర ఒక్కటే చూసుకుని దిగుతారు. ఈసీయూ, ట్యూనింగ్ ఖర్చు చేతిలో లేకపోతే టర్బో కొనకండి. డబ్బు తక్కువైనప్పుడు జనం ముందు కోత పెట్టేది సరిగ్గా అక్కడే.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకూ ఆర్సీలో రాసినవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా చూసేదీ ఈ మార్పునే. హార్స్‌లీ హిల్స్ మలుపుల్లో ఎదురుగా వచ్చేది ఒక కుటుంబం. అందుకే నేను నిక్కచ్చిగా చెబుతున్నాను, ఈ కారు రోడ్డుకు కాదు.

మరి ఎక్కడ నడపాలి? మనకు అందుబాటులో రెండు రేసు ట్రాకులున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాకు ఒకటి, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఇంకొకటి. రెండోది ఎస్. కరివర్ధన్ పేరున వెలిసింది. ఆయన 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే ఒంటిసీటు రేసు కారు తయారుచేశాడు. 796 సీసీ, మూడు సిలిండర్లు. మన వీధుల్లో పాలకూ కూరగాయలకూ తిరిగిన అదే ఇంజిన్. నరైన్ కార్తికేయన్ లాంటి రేసర్లు తొలి అడుగులు వేసింది ఆ కార్లలోనే. కొత్తగా దిగేవాళ్లకు నేనూ అదే సలహా ఇస్తాను. ఆర్సీ అవసరం లేని, ట్రాకుకే పరిమితమైన పాత చిన్న కారు తీసుకోండి, ట్రైలర్ మీద తీసుకెళ్లండి.

అంతా బిగించాక తాళం తిప్పే ముందు ఇంజెక్టర్ల వైర్లు, కాయిల్ వైర్లు పీకేయండి. స్టార్టర్‌ను పది సెకన్ల చొప్పున, మధ్యలో ఆపుతూ తిప్పండి. టర్బో తిరుగు పైపు విప్పి కింద గిన్నె పెడితే, కాసేపటికి అందులో ఆయిల్ చుక్కలు పడతాయి. అవి ధారగా మారాకే పైపు కలిపి, వైర్లు పెట్టి స్టార్ట్ చేయాలి. పది నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆపేయండి. మర్నాడు పొద్దున పూర్తిగా చల్లారాక ఎగ్జాస్ట్ ఫ్లాంజి నట్లకు స్పానర్ పెట్టి చూడండి. వాటిలో ఒకటో రెండో పావు చుట్టు తిరుగుతాయి.